హ్యాండిల్ వదిలి... స్టీరింగ్ పట్టి!

బొటనవేలి కింద తిరిగే బుల్లి పుల్లతో రేసింగ్ కారు నడిపిన కుర్రాడు స్టీరింగ్ ముందు కూర్చుంటే ఏమవుతుంది? పదిహేనేళ్లు ఆటో హ్యాండిల్ తిప్పిన వాళ్ల నాన్న గూడ్సు బండి ఎక్కినప్పుడు ఏమైందో అదే అవుతుంది! ఆ తండ్రీకొడుకుల ముచ్చట వినాలంటే తిరుమలగిరి వెళ్లాలి.

తిరుమలగిరి అనగానే హైదరాబాద్ వాళ్లకు సికింద్రాబాద్ పక్కనున్న తిరుమలగిరి గుర్తొస్తుంది. డ్రైవింగ్ లైసెన్సు కోసం ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లేది అక్కడికే. నాగార్జునసాగర్ వైపు వెళితే తిరుమలగిరి సాగర్ అని మరొకటి. మనం వెళ్లేది ఆ రెండింటికీ కాదు. సూర్యాపేట-జనగామ రోడ్డు మీద, నాలుగు దిక్కుల బండ్లూ వచ్చి కలిసే చౌరస్తా చుట్టూ పెరిగిన ఊరికి. పాత నల్గొండ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సూర్యాపేట జిల్లాలోకి మారింది. 2018లో మున్సిపాలిటీ అయింది. ఊరి మీదుగా పోయే రోడ్డుకు ఇప్పుడు జాతీయ రహదారి 365బీ అని పేరు. ఒక కొస సూర్యాపేట, రెండో కొస సిరిసిల్ల.

చూసి తీరాల్సిన గుళ్లూ గోపురాల కోసం ఈ ఊరికి ఎవరూ రారు. వడ్లమ్మడానికి వస్తారు. ఎరువుల కోసం వస్తారు. తుంగతుర్తికో మోత్కూరుకో బండి మారడానికి దిగుతారు. పొద్దున ఏడింటికి చౌరస్తాలో ఛాయ్ గ్లాసు పట్టుకుని ఓ అరగంట నిలబడండి చాలు, ఊరి బతుకు చక్రాల మీద మీ ముందు నుంచే పోతుంది. పాల క్యాన్ల మోటార్‌సైకిళ్లు, స్కూలు పిల్లలతో కిక్కిరిసిన ఆటోలు, కూలీలతో ట్రాలీ ఆటోలు, వెనక ట్రక్కు ఊగుతూ వచ్చే ట్రాక్టర్లు, అప్పుడప్పుడు దారంతా నాదే అన్నట్టు వరికోత మిషను. హ్యాండిళ్లు కొన్ని, స్టీరింగులు కొన్ని. కోతల కాలంలో అయితే మార్కెట్ యార్డు వైపు రోడ్డు దాటడమే పెద్ద పని.

ఇక్కడ స్టీరింగ్ అంటే ఆట కాదు, అన్నం. అలాంటి ఊళ్లో ఒకింట్లో స్టీరింగ్‌తో ఆడుకుంటున్నారంటే వెళ్లి చూడాలనిపించదూ!

మిషన్ టేబుల్ మీద కారు

చౌరస్తాకు కాస్త లోపలగా రెండు గదుల డాబా ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, దాని పక్కన కుట్టాల్సిన జాకెట్ల మూట. సాయంత్రం ఆరు దాటితే ఆ గది రూపు మారిపోతుంది. మిషన్ తలను కిందికి మడిచేసి, టేబుల్ అంచుకు ఓ నల్లటి స్టీరింగ్ బిగిస్తాడు ఆ ఇంటి అబ్బాయి. కింద మూడు పెడళ్లు... యాక్సిలరేటర్, బ్రేక్, క్లచ్. ఎదురుగా గోడకానించిన పాత కంప్యూటర్ మానిటర్. కూర్చునేది ప్లాస్టిక్ కుర్చీలో. బ్రేక్ గట్టిగా తొక్కితే కుర్చీ వెనక్కి జారిపోతోందని దాని వెనక రెండు వడ్ల బస్తాలు అడ్డం వేశాడు. అలా తయారైంది రేసు కారు!

అబ్బాయికి పదిహేడేళ్లు. హైదరాబాద్‌లో పాలిటెక్నిక్ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చాడు. ఆట మొదలైంది అందరిలాగే ఫోన్లో. ‘బస్ సిమ్యులేటర్ ఇండోనేసియా’ అని ఓ గేమ్ ఉంది, 2017లో వచ్చింది. పేరుకు ఇండోనేసియా బస్సులే అయినా, బస్సుకు మనకు నచ్చిన రంగులు వేసుకునే వీలుంది. దాంతో మన కుర్రాళ్లు దానికి ఆర్టీసీ రంగులద్దేశారు. ఫోన్లో ఎక్స్‌ప్రెస్ బస్సుకు సూర్యాపేట బోర్డు పెట్టుకుని తిరిగే పిల్లలు ఈ చుట్టుపక్కల ఊళ్లలోనూ తక్కువేం లేరు. ఫోన్ తర్వాత హాస్టల్లో స్నేహితుడి కంప్యూటర్, దానికి గేమ్‌ప్యాడ్. చివరికి సీనియర్ ఒకడు అమ్మేస్తుంటే సగం ధరకు ఈ లాజిటెక్ జీ29 స్టీరింగ్. కొత్తదైతే పాతిక ముప్ఫై వేల మాట. సెలవుల్లో కేటరింగ్ పనులకు వెళ్లి దాచుకున్న డబ్బులన్నీ దీనికే పెట్టాడు.

వాళ్లమ్మకు ఈ బేరం నచ్చలేదు. ఆమె మాటల్లోనే వినాలి. “మిషన్ చక్రం నేను తిప్పితే పైసలొస్తయి సార్. ఈయన చక్రం తిప్పితే కరెంటు బిల్లొస్తది.”

అలా అన్నా, ఆరు కొట్టేసరికి టేబుల్ ఖాళీ చేసి ఇచ్చేదీ ఆమే.

చక్రమే ముందు

గేమ్‌ప్యాడ్‌తో ఆడటం మామూలు, స్టీరింగ్ అనేది డబ్బున్నవాళ్ల హంగు అని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే సంగతి తిరగబడుతుంది. రేసింగ్ ఆటల్లో ముందొచ్చింది స్టీరింగే. 1974లో అటారీ కంపెనీ ‘గ్రాన్ ట్రాక్ 10’ అనే ఆటను పెద్ద పెట్టెలో పెట్టి తెచ్చినప్పుడే దానికి స్టీరింగు, గేరు, పెడళ్లు ఉన్నాయి. 1986లో సెగా వాళ్ల ‘ఔట్ రన్’ వచ్చింది. అందులో కారులా కూర్చునే పెట్టె కూడా ఉండేది. 1989 నాటి ‘హార్డ్ డ్రైవిన్’లో అయితే క్లచ్ కూడా తొక్కాలి. చేతిలోని స్టీరింగ్ ఎదురు బలం చూపించేది. అంటే బండి తిరగబడుతుంటే చక్రం చేతిలో గుంజుకునేదన్నమాట.

మరి ఆ చక్రం ఎక్కడికి పోయింది? ఆట బజారు నుంచి ఇంటికి వచ్చింది. ఇంట్లో అంత పెద్ద పెట్టె పట్టదు, అంత ధర పెట్టలేరు. అందుకని ఒళ్లో పట్టే చిన్న ప్యాడ్ ఇచ్చారు. 1990ల చివర, 2000ల మొదట్లో మన ఊళ్లలో ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి ‘రోడ్ రాష్’, ‘నీడ్ ఫర్ స్పీడ్’ ఆడినవాళ్లకు ఆ ప్యాడ్ కూడా లేదు. కీబోర్డు మీది బాణం గుర్తులే స్టీరింగ్. ఎడమకు తిప్పడమంటే పూర్తిగా ఎడమకే. కొంచెం అనే మాటే లేదు! 2003లో హైదరాబాద్‌లో ప్రసాద్స్ ఐమాక్స్ మొదలయ్యాక అలాంటి చోట్ల గేమ్‌జోన్లకు వెళ్లినవాళ్లకే నిలువెత్తు పెట్టెలు, స్టీరింగులు తెలుసు.

మధ్యలో కొన్ని చిత్రాలు కూడా జరిగాయి. 1995లో జపాన్‌కు చెందిన నామ్‌కో సంస్థ మధ్యకు విరిగినట్టు మెలితిరిగే ప్యాడ్‌ను తెచ్చింది. బట్టలు పిండినట్టు రెండు చేతులతో మెలిపెడితే కారు మలుపు తిరిగేది. ప్యాడ్‌కూ చక్రానికీ మధ్య పుట్టిన పిల్ల అది. ఆ తర్వాత వేలితో తిప్పే పుల్లలు మెరుగుపడటంతో దాని అవసరం తీరిపోయింది. 2000 తర్వాత ఇళ్లలోకి వచ్చిన స్టీరింగులు ఒక్కో మెట్టూ ఎక్కుతూ 900 డిగ్రీలు తిరిగేదాకా వచ్చాయి. అంటే ఈ చివర నుంచి ఆ చివరకు రెండున్నర చుట్లు. మామూలు కార్లలో మూడు, మూడున్నర చుట్లు ఉంటాయి కాబట్టి దాదాపు అసలు లెక్కకు వచ్చేసినట్టే.

వేలు ఒకటంటే... చేయి ఒకటంటుంది

“స్టీరింగ్ వచ్చిన మొదటి రాత్రి ఏడుపొచ్చింది సార్” అన్నాడు అబ్బాయి. ప్యాడ్‌తో కళ్లు మూసుకుని కొట్టే ట్రాక్ మీద, స్టీరింగ్‌తో మొదటి మలుపే దాటలేకపోయాడట. కారు గడ్డిలోకి, గోడకి, మళ్లీ గడ్డిలోకి. వారమయ్యాక కూడా ప్యాడ్‌తో పట్టిన టైముకు నాలుగైదు సెకన్లు వెనకే. డబ్బులు దండగ చేశానా అనిపించిందట.

ఇందులో కుర్రాడి తప్పేం లేదు. ప్యాడ్ మీద పుల్ల కదిలేది దాదాపు సెంటీమీటరు అటు, సెంటీమీటరు ఇటు. అంత చిన్న కదలికతో గంటకు రెండొందల కిలోమీటర్ల వేగంలో కారును ఏ మనిషీ నడపలేడు. అందుకని గేమ్ తనే మధ్యలో దూరి సాయం చేస్తుంది. వేగం పెరిగేకొద్దీ చక్రాలు తక్కువ తిరిగేలా సర్దుతుంది. వేలు ఒక్కసారిగా అటు తోసినా చక్రాలు నెమ్మదిగానే వాలేలా చూస్తుంది. నడిపేది నువ్వే అనిపిస్తుంది కానీ, పక్కన కనిపించని డ్రైవర్ ఒకడు కూర్చుని ఉంటాడు. స్టీరింగ్ తగిలించగానే ఆ డ్రైవర్ దిగిపోతాడు. చేయి ఎంత తిప్పితే అంత. తప్పు చేస్తే తప్పే.

చేతి అలవాటు ఇంకో చిక్కు. ప్యాడ్‌లో కుడి చూపుడువేలు నొక్కితే యాక్సిలరేటర్, ఎడమ చూపుడువేలు నొక్కితే బ్రేక్. కాళ్లకు పనేం లేదు. మొదటి రోజుల్లో గోడ దగ్గర పడుతున్న కొద్దీ అబ్బాయి ఎడమ చూపుడువేలు స్టీరింగ్ కడ్డీని పిసికేసేదట, కాలు మాత్రం కదిలేది కాదట!

ఈ మాట వినగానే, అప్పటిదాకా గడప మీద కూర్చుని బీడీ కాలుస్తున్న తండ్రి పక్కున నవ్వాడు. “నాకూ గదే అయింది గద సార్.”

ఆయన పదిహేనేళ్లు ఆటో నడిపాడు. పాత ఆటో నడిపినవాళ్లకు తెలుసు... ఎడమ చేతిలోనే క్లచ్, ఆ చేతి మణికట్టు తిప్పితేనే గేరు, కుడి మణికట్టు తిప్పితే యాక్సిలరేటర్. కాలికి బ్రేకొక్కటే. నలభై ఏళ్ల వయసులో గూడ్సు బండి కొనుక్కుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. “బండి ఎత్తు ఎక్కుతుంటే స్పీడు జాలట్లేదని కుడిచేయి మెలిపెడుతున్న. స్టీరింగ్ మీద! బండి పక్కకు గుంజింది. పక్కన నేర్పేటాయన నెత్తి మీద ఒకటేసిండు. క్లచ్ కోసం ఎడమచేయి వెతుక్కునుడు రెండు నెలలు పోలేదు.”

కొడుకు వేలు, తండ్రి మణికట్టు. ఇద్దరి చేతులూ పాత పాఠమే అప్పజెప్పాయి. ఆటో హ్యాండిల్ కూడా ఓ రకంగా ప్యాడ్ పుల్ల లాంటిదే మరి. కాస్త తిప్పితే ముందు చక్రం అంతే తిరుగుతుంది. స్టీరింగ్‌లో మధ్యలో పళ్ల చక్రాలుంటాయి. చేయి పదిహేను, పద్దెనిమిది డిగ్రీలు తిప్పితే రోడ్డు మీద చక్రం ఒక డిగ్రీ తిరుగుతుంది. చేతికి పని పెరుగుతుంది, అయితే కొంచెం అనే మాటకు చోటు దొరుకుతుంది.

ఇంతకీ స్టీరింగ్ ఇచ్చే అసలు లాభం తిప్పడంలో లేదు, తిరిగి రావడంలో ఉంది. మలుపు దాటాక పట్టు వదులు చేస్తే చక్రం దానంతటదే నిటారుకొస్తుంది. ముందు చక్రాలను బిగించిన వాలు అలాంటిది. కదులుతున్న టైరు ఎప్పుడూ బండి పోయే దిక్కుకే మళ్లాలని చూస్తుంది. ఆ గుంజులాట స్టీరింగ్ కడ్డీ గుండా చేతికి అందుతుంది. గేమ్ స్టీరింగ్‌లో ఆ పని చిన్న మోటార్లు చేస్తాయి. టైరు మీద ఎంత బలం పడుతుందో కంప్యూటర్ లెక్కగట్టి ఆ మేరకు చక్రాన్ని ఎదురు తోస్తుంది. ముందు టైర్లు పట్టు తప్పి జారితే ఆ బలం ఒక్కసారిగా తగ్గిపోతుంది. చక్రం చేతిలో తేలిపోతుంది. కళ్లకు కారు జారుడు కనబడకముందే చేతికి కబురందుతుంది. కుర్రాడు ఆ కబురు చదవడం నేర్చుకోవడానికి నెల పట్టింది. నెల దాటాక ప్యాడ్ టైము దాటేశాడు. ఇప్పుడు ప్యాడ్ బల్ల సొరుగులో కత్తెర పక్కన పడి ఉంది.

“వానల చేయి తేలికైతే బండి మన మాట ఇంటలేదని లెక్క” అన్నాడు తండ్రి. ఆయనకు టైరు వాలు గురించీ, మోటార్ల గురించీ ఎవరూ చెప్పలేదు.

నాన్న వంతు

ప్యాడ్ ఉన్నన్నాళ్లూ ఈ ఆటలో తండ్రికి పాత్ర లేదు. ఓసారి చేతికిస్తే టీవీ రిమోట్‌లా పట్టుకుని రెండు నిమిషాల్లో తిరిగి ఇచ్చేశాడట. పిల్లల వేళ్లకున్న విద్య పెద్దల వేళ్లకు లేదు. ఫోనూ అంతే, ప్యాడూ అంతే. స్టీరింగ్ వచ్చాక లెక్క మారింది. ఇది ఆయనకు తెలిసిన వస్తువు.

నేను వెళ్లిన రోజు కూడా కుర్చీ ఎక్కాడు. కొడుకు రేసు కారు తీసేసి ‘యూరో ట్రక్ సిమ్యులేటర్ 2’ పెట్టాడు. చెక్ దేశం వాళ్లు 2012లో తెచ్చిన ఈ గేమ్‌లో రేసు లేదు. లారీకి సరుకెత్తుకుని ఐరోపా ఊళ్ల మధ్య తిరగడమే ఆట. రోజంతా బండి నడిపి వచ్చిన మనిషి, ఇంటికొచ్చి మళ్లీ బండి నడపడం చూస్తే నవ్వొచ్చింది కానీ, నడిపిన తీరు చూశాక నవ్వు ఆగిపోయింది. గంటకు నలభై దాటలేదు. మలుపుకు ముందే వేగం తగ్గించాడు. కూడలిలో ఎవరూ లేకున్నా ఆగి రెండు పక్కలా చూశాడు. “అద్దాలెట్ల చూసుడురా?” అని అడిగాడు. పక్కనున్న కొడుకు స్నేహితులు కిసుక్కుమన్నారు. కొడుకు నవ్వలేదు. ఏ మీట నొక్కాలో చూపించాడు.

ఇరవై నిమిషాల తర్వాత ఆయన దిగిపోయాడు. తల తిరుగుతోందన్నాడు. ఇది ఆయనొక్కడి ఇబ్బంది కాదు. సిమ్యులేటర్ ఎక్కిన అసలు డ్రైవర్లు చాలామంది అనే మాటే. బండి పోతోందని కళ్లు చెబుతుంటాయి, కదలట్లేదని చెవి లోపల ఉండే తూకం చెబుతుంటుంది. రెండింటికీ పొంతన కుదరక కడుపులో దేవుతుంది. అసలు బండి ఎప్పుడూ ఎక్కని కుర్రాళ్లలో ఈ బాధ తక్కువ, పోల్చుకోవడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు కాబట్టి! ఆయన మాత్రం తన లెక్కలో చెప్పాడు. “చేతికి తెలుస్తుంది సార్. నడుముకు తెలుస్తలేదు. బండి నడిపేది నడుముతోటి.”

వెనక బరువెంతుందో, టైరు గుంతలో పడిందో రాయెక్కిందో, బ్రేక్ వేస్తే సరుకు ముందుకు వస్తుందో లేదో... డ్రైవర్‌కు ఇవన్నీ సీటు చెబుతుంది. ప్లాస్టిక్ కుర్చీ ఏం చెబుతుంది? రేసు జట్ల దగ్గరుండే సిమ్యులేటర్లలో సీటు మొత్తాన్నీ కదిలించే యంత్రాలుంటాయి. వాటి ఖర్చు వేరే లోకం. తిరుమలగిరిలో మాత్రం ఆ పనికి ఇంటి ముందు ఆపిన గూడ్సు బండే ఉంది.

అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ఆరు నెలలు స్టీరింగ్ తిప్పిన కుర్రాడికి చేయి దురద పెట్టింది. “నాకు వస్తుంది నాయినా, చౌరస్తా దాకా తీస్త” అని తాళంచెవి అడిగాడు. తండ్రి ఇవ్వలేదు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవట.

తండ్రి ఎందుకివ్వలేదో చెప్పడానికి పెద్ద కారణాలక్కర్లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి తప్పు చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో పాతిక వేలు జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ ఏడాది ఇల్లు గడిచేదెట్లా? ఇదీ ఇంటి లెక్క. దేశం లెక్క ఇంకా భయపెడుతుంది. కేంద్ర రవాణా శాఖ గణాంకాల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. గేమ్ స్టీరింగ్ చేతికి చాలా నేర్పుతుంది, నిజమే. భయం మాత్రం నేర్పదు. గోడకు గుద్దితే ‘రీస్టార్ట్’ అని బొత్తాం ఉంటుంది. ఆ బొత్తాం ఉన్నంతకాలం అది ఆటే. ఎన్ని వేలు పెట్టి కొన్నా, ఎన్ని డిగ్రీలు తిరిగినా.

అలాగని ఆట నుంచి ట్రాక్‌కు వెళ్లినవాళ్లు లేరా అంటే ఉన్నారు. బ్రిటన్‌కు చెందిన జాన్ మార్డెన్‌బరో 2011లో ‘గ్రాన్ టురిస్మో’ ఆటగాళ్ల పోటీలో నెగ్గి అసలు రేసింగ్ డ్రైవర్ అయ్యాడు. 2023లో ఆ కథే సినిమాగా వచ్చింది. కుర్రాడు ఆ సినిమా మూడుసార్లు చూశాడు. ఆటలో గెలవగానే ఆయనను నేరుగా రేసులోకి దించలేదని, ముందు అసలు కారు మీద శిక్షణ ఇచ్చారని తండ్రికి చెప్పింది కూడా అతనే. తన కేసు తనే ఓడిపోయినట్టు!

ఆటో నుంచి బస్సు దాకా

తండ్రి హ్యాండిల్ వదిలి స్టీరింగ్ పట్టడం వెనక కూడా ఒక కథ ఉంది. 2021లో అప్పటి తెలంగాణ ప్రభుత్వం దళితబంధు పథకం తెచ్చింది. కుటుంబానికి పది లక్షల రూపాయలు, బ్యాంకు అప్పు లేకుండా. హుజూరాబాద్ తర్వాత రాష్ట్రంలో నాలుగు మండలాలను ఎంచుకుంటే వాటిలో తిరుమలగిరి ఒకటి. మిగతా మూడూ ఖమ్మం జిల్లా చింతకాని, నాగర్‌కర్నూల్ జిల్లా చారగొండ, కామారెడ్డి జిల్లా నిజాంసాగర్. లబ్ధిదారుల్లో కొందరు ట్రాక్టర్లు తీసుకున్నారు. కొందరు కార్లు, కొందరు సరుకు బండ్లు. జీవితమంతా ఎవరి బండికో కిరాయి డ్రైవర్‌గానో, క్లీనర్‌గానో ఉన్నవాళ్ల పేరు బండి తలుపు మీదికి ఎక్కింది. ఈ ఇంటి బండి అలా వచ్చిందే. అందరి బండ్లూ నిలబడ్డాయా అంటే అదో పెద్ద కథ. ఒకేసారి ఇన్ని బండ్లు వస్తే కిరాయి పంచుకోక తప్పదు కదా. ఈయన మాత్రం వడ్ల సీజన్‌ను నమ్ముకుని నెట్టుకొస్తున్నాడు. మిగతా నెలల్లో ఇటుక, ఇసుక, పెళ్లి సామాన్లు, ఏదొస్తే అది.

హ్యాండిల్ నుంచి స్టీరింగ్‌కు వచ్చినవాళ్లలో పాత నల్గొండ జిల్లాకు పేరు తెచ్చిన ఒకరిని ఇక్కడ చెప్పుకోకపోతే తప్పవుతుంది. సంస్థాన్ నారాయణపురం మండలం సీత్యా తండాలో పుట్టిన సరిత, కుటుంబం కోసం ఊళ్లో ఆటో నడిపారు. అక్కడి నుంచి ఢిల్లీ వెళ్లి 2015లో ఢిల్లీ రవాణా సంస్థ బస్సుకు తొలి మహిళా డ్రైవర్ అయ్యారు. పదేళ్ల తర్వాత 2025లో సొంత రాష్ట్రానికి వచ్చి తెలంగాణ ఆర్టీసీలో తొలి మహిళా డ్రైవర్‌గా స్టీరింగ్ పట్టారు. ఆటో హ్యాండిల్‌కూ బస్సు స్టీరింగ్‌కూ ఎంత దూరమో ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది!

మన దగ్గర ఆ దూరాన్ని దాటించే బడి ఇన్నాళ్లూ ఒకటే. క్లీనర్ సీటు. డ్రైవర్ పక్కన రెండు మూడేళ్లు కూర్చుని, టైర్లు కడిగి, రివర్సులో ‘రా... రా... రైట్’ అని అరిచి, ఓ రాత్రి ఖాళీ రోడ్డు మీద ఉస్తాద్ దయ తలచి స్టీరింగ్ ఇస్తే నేర్చుకోవడం. ఇప్పుడిప్పుడే దానికి చదువు రూపం వస్తోంది. 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో ట్రాకుతో పాటు సిమ్యులేటర్ కూడా తప్పనిసరిగా ఉండాలి. కార్ల లాంటి తేలికపాటి వాహనాలకు నాలుగు వారాల్లో 29 గంటల కోర్సు. అందులో 8 గంటలు పాఠాలు, 21 గంటలు నడపడం. అంటే కుట్టుమిషన్ టేబుల్ మీద ఉన్నదాని పెద్దన్నయ్యకు సర్కారు బడిలో సీటు దొరికినట్టే. తిరుమలగిరి మీదుగా పోయే ఈ 365బీ రోడ్డు పట్టుకునే పోతే సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో టైడ్స్ అనే డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది. రాష్ట్ర ప్రభుత్వం అశోక్ లేలాండ్‌తో కలిసి పెట్టింది. కుర్రాడి కన్ను దాని మీద ఉంది. ముందు పద్దెనిమిది నిండాలి.

ఫణిగిరి మీదుగా...

తాళంచెవి ఇవ్వని తండ్రి, దానికి బదులు పక్క సీటు ఇచ్చాడు. సెలవుల్లో ఉన్నన్నాళ్లూ తన వెంట రావాలి, ఎక్కించాలి, దింపాలి, చూడాలి. ఆ సాయంత్రం వడ్ల లోడుతో సూర్యాపేట దగ్గరి మిల్లుకు బయల్దేరితే నేనూ క్యాబిన్‌లో సర్దుకున్నాను.

ఊరు దాటి కాసేపు పోయాక ఓ పక్కగా ఫణిగిరి గుట్ట. పాము పడగలా ఉంటుందని ఆ పేరు. ఆ గుట్ట మీద దాదాపు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామం ఉంది. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన ప్రదర్శనకు ఇక్కడి శిల్పాలు వెళ్లి వచ్చాయి. 2024లో ఓ కుండ నిండా 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి పాలన పద్దెనిమిదో ఏట రాజవైద్యుడు ఒకాయన ఈ గుట్ట మీద ధర్మచక్రం నిలబెట్టినట్టు శాసనం కూడా దొరికింది. ఇంత చరిత్ర ఉన్నా రోడ్డు మీద పోయే బండ్లలో గుట్టెక్కేవి ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తిరుమలగిరి వచ్చినవాళ్లు గంట మిగుల్చుకుని తప్పక ఎక్కాలి. చక్రాల గురించి రాస్తూ ఈ చక్రాన్ని వదిలేయడం నాకు మనసొప్పలేదు.

ముందు ఓ ట్రాక్టర్ పోతోంది. వెనక ట్రక్కుకు లైట్లు లేవు. తండ్రి హారన్ కొట్టలేదు, దాటలేదు. కొడుకును అడిగాడు.

“ఇప్పుడు గీ ట్రాక్టర్ ఏం జేస్తది చెప్పు?”

“పోతది నేరుగా.”

“పోదు. ఎడమ దిక్కు బాట ఉన్నది జూడు. ట్రక్కుల గడ్డి ఉన్నది. ఇంటికి పోతుండు. ఆ బాటల దిగుతడు. ఇండికేటర్ వెయ్యడు, చెయ్యి గూడ సూపడు.”

ట్రాక్టర్ సరిగ్గా అక్కడే ఎడమకు దిగింది. కుర్రాడు ఏమీ అనలేదు కానీ, అప్పటిదాకా చేతిలో ఉన్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత బర్రెలు. అవి మధ్యలో ఆగితే వెనక నుంచి పోవాలట, ముందు నుంచి పోకూడదట. తర్వాత ఎదురుగా హైబీమ్ వేసుకుని వచ్చే కారు. వెలుతురు వైపు కాకుండా రోడ్డు ఎడమ అంచు వైపు చూడాలట. గేమ్‌లో నేర్చుకున్నది కూడా ఒకటి అక్కరకొచ్చింది. మలుపులో బండి ముందున్న రోడ్డును కాదు, మలుపు చివరను చూడాలని కుర్రాడు చెబితే, “అది నిజమే” అన్నాడు తండ్రి. “నాకు ఎవరు చెప్పలే. నాకు తెల్వనీకి మూడేండ్లు పట్టింది.” ఆ మాటకు కుర్రాడి ముఖం వెలిగిపోయింది. స్టీరింగ్ కొన్న డబ్బులు వసూలయ్యాయనుకున్నాడేమో!

అర్వపల్లి చేరేసరికి చీకటి పడింది. ఊరి చివర రోడ్డును సగం దాకా ఆక్రమించి వడ్లు ఆరబోశారు. పైన టార్పాలిన్, గాలికి లేవకుండా అంచు పొడవునా రాళ్లు. కోతల కాలంలో మన రోడ్లన్నిటి మీదా కనిపించే దృశ్యమే ఇది. రైతుకు కల్లం లేక, ఆరబెట్టుకునే చోటు లేక రోడ్డెక్కుతాడు. రాత్రి పూట బైకు మీద వచ్చేవాడికి ఆ రాయి కనబడదు. ఎవరిది తప్పని తేల్చడం పోలీసులకు కూడా కష్టమే. తండ్రి చాలా ముందే గేరు తగ్గించి, ఎదురు బండికి దారిచ్చి, నింపాదిగా పక్క నుంచి దాటించాడు.

“ఎప్పుడు జూసినవ్?” అని అడిగాడు.

“లైటు రాయి మీద పడ్డప్పుడు” నిజమే చెప్పాడు కొడుకు.

“రాయి కనబడకముందే వడ్లు కనబడాలె. వడ్లు కనబడకముందు ఊరొస్తుందని తెల్వాలె. కోతలు నడుస్తున్నయి, ఊరొస్తుంది, అంటే రోడ్డు మీద వడ్లుంటయి. గంతే.”

కుర్రాడు కాసేపు ఆలోచించి, యూరో ట్రక్ గేమ్‌లో ఇలాంటి రోడ్డు తయారు చేయడానికి వీలుంటుందేమోనన్నాడు. కొత్త రోడ్లు, ఊళ్లు గీసి జత చేసుకునే సదుపాయం ఆ గేమ్‌లో ఉందట. తిరుమలగిరి చౌరస్తా, లైట్లు లేని ట్రాక్టర్, అంచున రాళ్లు పెట్టిన వడ్లు... అన్నీ పెట్టాలట. తండ్రికి సగం అర్థమైంది, సగం కాలేదు. “బర్రెలు గూడ పెట్టు” అన్నాడు.

మిల్లు దగ్గర కాంటా ముందు బండ్ల వరస రోడ్డు దాకా వచ్చి ఉంది. మా ముందు పదకొండు. పద్దెనిమిది నిండేది ఫిబ్రవరిలో, ఆ వారమే లెర్నింగ్ లైసెన్సుకు స్లాట్ పెట్టుకుంటానని కుర్రాడు నాతో మెల్లగా చెప్పాడు. “ముందు తాడు ఇప్పు పో” అని అటు నుంచి తండ్రి గొంతు. కుర్రాడు దిగి, ఫోన్ లైటు వేసుకుని, టార్పాలిన్ ముడులు విప్పడం మొదలుపెట్టాడు.